జోడు గొట్టాల తుపాకి – మట్టి పిట్టల ఆట

తుపాకి అనగానే మనలో చాలామందికి రెండే సంగతులు గుర్తుకొస్తాయి. ఒకటి పోలీసులు, రెండవది పాతకాలపు నవాబుల షికారు. సంక్షేమ సంఘం వార్షిక సంచికలో తుపాకిని గురించి వ్యాసమేమిటని కొందరు సభ్యులు అనుకోవచ్చు. అయితే మేమిక్కడ చెప్పదలచుకున్నది ప్రాణం తీసే తుపాకి కథ కాదు. ప్రాణం తియ్యడం మానుకుని ఆటగా మారిన తుపాకి కథ. ఇందులో మన తెలంగాణ పల్లె ఒకటి వుంది, డమాస్కస్ నగరం పేరు వుంది, తుర్కీ దేశంలోని ఒక చిన్న వూరు వుంది. అన్నిటికీ మించి మన దీన్ పధ్నాలుగు వందల యేండ్ల కిందటే చెప్పిన ఒక పెద్ద నీతి వుంది. కాబట్టి పాఠకులు కాస్త ఓపిక పట్టి చదవగలరు.

దోనాలి అంటే యేమిటి?

మన ఇండ్లలో పెద్దవాళ్ళు 'దోనాలి' అనే తుపాకినే తెలుగులో జోడు గొట్టాల తుపాకి అంటాము. లైసెన్సు కాగితాల్లో దీన్ని డి.బి.బి.ఎల్. అని రాస్తారు. రెండు గొట్టాలు పక్కపక్కన, నాగలికి కట్టిన జోడెడ్ల మాదిరిగా వుంటాయి. దీనిలో వాడే తూటాలో ఒకటే గుండు వుండదు. వందల కొద్దీ చిన్న చిన్న ఛర్రాలు వుంటాయి. పేల్చినప్పుడు అవి చెదిరి, ఎగిరే పిట్టను అందుకుంటాయి. పులి వేటకు వాడే రైఫిల్ వేరు, ఇది వేరు. రైఫిల్ గొట్టం లోపల మరలు తిరిగిన గాడులుంటాయి. ఛర్రా తుపాకి గొట్టం లోపల అద్దంలాగా నున్నగా వుంటుంది.

'12 బోరు' అనే మాట మనం వింటూనే వుంటాము. దాని అర్థం చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని 12 సమాన భాగాలు చేసి గుండ్రటి గుళ్ళు పోస్తే, ఆ గుండు యే గొట్టంలో సరిగ్గా పడుతుందో అది 12 బోరు. 20 గుళ్ళు చేస్తే 20 బోరు. అందుకనే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నమవుతుంది. 12 బోరు గొట్టం లోపలి వెడల్పు సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు.

రెండు గొట్టాలెందుకు? ఒక్క గొట్టం తుపాకిలో మొదటి దెబ్బ తప్పితే పిట్ట ఎగిరిపోయినట్టే. పాతకాలంలో మందు దట్టించి, గుళ్ళు పోసి, మళ్ళీ తయారయ్యేసరికి చాలా సేపు పట్టేది. రెండవ గొట్టం వుంటే రెండవ అవకాశం చేతిలో వుంటుంది. ఇంత చిన్న అవసరం నుంచే ఇంత పెద్ద పనితనం పుట్టింది.

కోనసముద్రం ఉక్కు, డమాస్కస్ గొట్టాలు

నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే వూరుంది. అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు లోకమంతా పేరుపొందింది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని 'ఊట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అనే మాటే వాళ్ళ నోట్లో అట్లా తిరిగిందని పండితులంటారు. 1820 ప్రాంతాల్లో నిజాం రాజ్యంలో సర్వే పని చేసిన డాక్టరు వాయ్‌సీ ఈ వూరికి వెళ్ళి, ఉక్కు తీసే పద్ధతిని రాసిపెట్టాడు. అది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇరాన్ దేశపు ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనుక్కుపోవడానికి వచ్చిన ఒక హాజీ సాహెబును తాను అక్కడ చూసినట్లు అందులో రాశాడు. మన తెలుగు కమ్మరి చేతి ఉక్కు కోసం ఇస్ఫహాన్ వర్తకుడు సముద్రాలు దాటి వచ్చాడంటే ఆ ఉక్కు విలువ యెంతటిదో ఊహించుకోవచ్చు. ఆ ఉక్కుతో ఇరాన్‌లోనూ అరబ్బు దేశాల్లోనూ కత్తులు చేసేవారు. నీటి అలల వంటి గీతలు మెరిసే ఆ కత్తులే డమాస్కస్ కత్తులుగా ప్రసిద్ధికెక్కాయి.

తుపాకులకు కూడా 'డమాస్కస్ గొట్టం' అనే పేరు వుంది. ఇక్కడొక భేదం గమనించాలి. పేరు ఒకటే గాని పని వేరు. కత్తి ఉక్కు మూసలో కరిగి తయారయ్యేది. డమాస్కస్ గొట్టం మాత్రం ఇనుప, ఉక్కు పట్టీలను కలిపి తాడు పేనినట్లు పేని, కొలిమిలో కాల్చి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి, సుత్తితో కొట్టి అతికించేది. తుర్కీ, ఇరాన్, హిందుస్తాన్ పనివాళ్ళకు ఈ విద్య ముందే తెలుసు. 18వ శతాబ్దం చివర నుంచి యూరపు వాళ్ళు నేర్చుకుని, బెల్జియంలోని లియేజ్‌లోనూ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లోనూ పెద్ద ఎత్తున చేశారు. గొట్టం మీద ఆ గీతలు చూస్తే నేత చీర అంచు గుర్తుకొస్తుంది.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసినదే. ఇంగ్లండు కార్ఖానాల ఉక్కు చవకగా వచ్చిపడింది, కోనసముద్రం కొలిములు ఆరిపోయాయి. ఉక్కును అమ్మిన దేశమే చివరికి తుపాకులను కొనుక్కునే దేశమయింది. హైదరాబాదు అమీర్లు, జాగీర్దార్లు లండను నుంచి జోడు గొట్టాల తుపాకులు తోలుపెట్టెల్లో తెప్పించుకున్నారు. ఆ తుపాకి మీద చెక్కిన పూలను చూసి మురిసిపోయాము గాని, మన పక్క వూరి కమ్మరి యేమయ్యాడని అడిగినవాళ్ళు తక్కువ.

ఇంగ్లండులో పనితనం పెరిగిన తీరు

18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో లండనులో జోసెఫ్ మాంటన్ అనే పనివాడు జోడు గొట్టాల తుపాకికి ఇప్పుడు మనం చూసే సొగసైన రూపం తెచ్చాడు. ఆయన దగ్గర పనిచేసిన జేమ్స్ పర్డీ 1814లో సొంత దుకాణం పెట్టాడు. ఆ పేరు ఇప్పటికీ నడుస్తోంది. అప్పట్లో తుపాకిని చెకుముకి రాయితో పేల్చేవారు. 1807లో అలెగ్జాండర్ ఫార్సైత్ అనే స్కాట్లండు పాదిరీ, దెబ్బ తగిలితే మండే మందుతో పేల్చే పద్ధతికి హక్కు పొందాడు. చెకుముకి మెరుపు చూసి పిట్టలు తప్పించుకుంటున్నాయనే బాధ ఆయనతో ఈ పని చేయించిందని చెబుతారు.

ఆ పిమ్మట ఫ్రాన్సు దేశస్థుడు లెఫోషో 1830ల్లో తుపాకిని నడుమ విరిచి, వెనక నుంచి తూటా పెట్టే ఏర్పాటు చేశాడు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో దాన్ని చూసి ఇంగ్లీషు పనివాళ్ళు మెల్లగా ఆ దారి పట్టారు. 1875లో బర్మింగ్‌హామ్ వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీలోని ఆన్సన్, డీలీ అనే ఇద్దరు బయటికి కనబడే సుత్తులు లేకుండా, తుపాకి విరిచినప్పుడే లోపలి యంత్రం దానంతటదే సిద్ధమయ్యే పద్ధతి కనిపెట్టారు. ఇవాళ ప్రపంచంలో చేసే మామూలు జోడు గొట్టాల తుపాకుల్లో ఎక్కువ భాగం ఆ పద్ధతి పిల్లలే. దాదాపు ఆ రోజుల్లోనే గొట్టం మూతిని వెంట్రుక వాసి బిగించి, ఛర్రాలు తొందరగా చెదిరిపోకుండా చేసే 'చోక్' పద్ధతిని బర్మింగ్‌హామ్ గ్రీనర్ ప్రచారంలోకి తెచ్చాడు. పూర్తి చోక్ వున్న గొట్టంతో 40 గజాల దూరాన 30 అంగుళాల చక్రంలో నూటికి సుమారు 70 ఛర్రాలు పడతాయి. ఈ బిగింపు మొత్తం ఒక మిల్లీమీటరే!

పాఠకులు గమనించవలసింది యేమిటంటే, 1900 నాటికే జోడు గొట్టాల తుపాకి సంపూర్ణంగా తయారయిపోయింది. ఆ తర్వాత వందేండ్లలో దానికి చేర్చిన కొత్త సంగతులు చాలా స్వల్పం.

పావురాల నుంచి మట్టి పిట్టలకు

ఇక ఆట సంగతికి వస్తాము. ఇంగ్లండు దొరలు గురి పందేలకు బతికిన పావురాలను వాడేవారు. పావురాన్ని పెట్టెలో పెట్టి, తాడు లాగి మూత తెరిచేవారు. అది ఎగరగానే కాల్చేవారు. లండనులో 1869లో ఏర్పడిన హర్లింగ్‌హామ్ క్లబ్బు ఈ పావురాల పందేల కోసమే పుట్టింది. అక్కడ 1905 వరకు ఆ పందేలు జరిగాయి. 1900లో పారిస్ ఒలింపిక్ ఆటల సందర్భంగా కూడా బతికిన పావురాలను కాల్చారు. బెల్జియం వాడు లూండెన్ 21 పావురాలను కొట్టి గెలిచాడు. ఆ రక్తం, ఆ ఈకలు చూసి జనం అసహ్యించుకున్నారు. ఒలింపిక్స్‌లో ఆ పని మళ్ళీ జరగలేదు. ఇంగ్లండులో 1921లో చట్టమే చేసి పట్టి తెచ్చిన పక్షులను కాల్చడం నిషేధించారు.

ఇక్కడ మన సభ్యులకు ఒక సంగతి గుర్తు చేయాలి. దైవప్రవక్త (స.అ.స.) ప్రాణమున్న దేన్నీ గురిగా పెట్టుకోరాదని కఠినంగా నిషేధించారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి.) ఒకసారి దారిన పోతూ, కొందరు యువకులు ఒక పక్షిని కట్టేసి దానిమీద బాణాలు వేస్తూ వుండగా చూసి, ఈ నిషేధాన్ని వాళ్ళకు చెప్పిన సంగతి హదీసు గ్రంథాల్లో వుంది. అదే సమయంలో బాణవిద్య నేర్చుకోమని, నేర్చుకున్న తర్వాత మరిచిపోవద్దని కూడా మన దీన్ ప్రోత్సహించింది. అంటే గురి నేర్చుకో, కాని దానికి బలిగా జీవాన్ని కట్టేయకు అని తాత్పర్యం. ఆకలికి వేటాడడం వేరు, వినోదానికి కట్టేసి కొట్టడం వేరు. హర్లింగ్‌హామ్ దొరలకు 1905లో, చట్టానికి 1921లో అర్థమయిన ముక్క మదీనా వీధుల్లో యేనాడో చెప్పబడింది. ఇది గర్వంగా చెప్పుకోవడానికే కాదు, మనం యెంతవరకు పాటిస్తున్నామని ప్రశ్నించుకోవడానికి కూడా. కోడిపందేల దగ్గర, పావురాల పందేల దగ్గర మన పిల్లలు నిలబడి వున్నప్పుడు ఈ హదీసు మనకు గుర్తుకు రావాలి.

పావురానికి బదులు యేమిటని మొదట గాజు బుడ్లతో ప్రయత్నించారు. లోపల ఈకలు నింపిన గాజు బుడ్డిని యంత్రంతో పైకి విసిరేవారు. పగిలితే ఈకలు రాలేవి. అమెరికాలో బొగార్డస్ అనే వేటగాడు 1877లో దానికొక యంత్రం చేశాడు. అయితే గాజు బుడ్డి పిట్టలాగా సాగి ఎగరదు. పైగా పొలాల నిండా గాజు పెంకులు. 1880లో సిన్సినాటి నగరానికి చెందిన జార్జి లిగోస్కీకి మంచి ఉపాయం తట్టింది. పిల్లలు నీళ్ళ మీద చిల్లపెంకులు విసిరి తప్పటలు వేయించే ఆట మనమూ చిన్నప్పుడు ఆడినదే. ఆ పెంకు సాగిపోయే తీరు చూసి, మట్టితో చిన్న సాసరు లాంటి బిళ్ళ చేసి కాల్చి, తిప్పి విసిరే యంత్రం కట్టాడు. అదే మట్టి పిట్ట. కాలిన మట్టి మరీ గట్టిగా వుండి ఛర్రా తగిలినా పగలకపోవడంతో, తర్వాత సున్నపురాయి పొడి, కీలు కలిపి అచ్చు పోయసాగారు. ఇవాళ్టి ఒలింపిక్ బిళ్ళ 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు. పేరు మాత్రం పిట్టదే నిలిచిపోయింది.

ఇందులో ఒక విషాదం కూడా వుంది. అమెరికా ఆకాశంలో ఒకప్పుడు కోట్ల కొద్దీ ఎగిరిన వలస పావురాలను వలలు వేసి పట్టి పందేలకు, కూరకు వాడారు. ఆ జాతిలో ఆఖరి పక్షి 1914 సెప్టెంబరు 1న చనిపోయింది. యెక్కడనుకున్నారు? లిగోస్కీ వూరయిన సిన్సినాటి జంతుప్రదర్శనశాలలోనే. మట్టి పిట్ట పుట్టిన వూరే ఆ నిజం పిట్ట ఆఖరి ఊపిరి విడిచిన వూరు. మంచి ఉపాయం వచ్చింది గాని, ఆ జాతి వరకు ఆలస్యంగా వచ్చింది.

పైనొకటి కిందొకటి వచ్చింది

మొదటి మట్టి పిట్టలను కొట్టినవి జోడు గొట్టాల తుపాకులే. అమెరికాలో పార్కర్, ఎల్.సి. స్మిత్, ఫాక్స్ వంటి పేర్లు ఆ మైదానాల్లోనే వెలిగాయి. అయితే లండనులో బాస్ కంపెనీ 1909లో, వుడ్‌వర్డ్ కంపెనీ 1913లో గొట్టాలను పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పెట్టిన తుపాకులు తెచ్చాయి. అవి శ్రీమంతుల ఖరీదు. మామూలు ఆటగాడికి అందేటట్లు ఆ నమూనా చేసినవాడు అమెరికా దేశపు జాన్ బ్రౌనింగ్. ఆయన 1926లో బెల్జియంలోనే కన్నుమూశాడు. ఆ తుపాకి 1931లో బజారుకు వచ్చింది. క్రమంగా పోటీ మైదానాలు దానివే అయిపోయాయి.

కారణం లేకపోలేదు. పక్కపక్క గొట్టాల్లో కుడి గొట్టం తుపాకి మడమ గీతకు కొంచెం కుడి పక్కన వుంటుంది. కాబట్టి పేల్చినప్పుడు తుపాకి వెనక్కే కాకుండా కాస్త పక్కకు కూడా తన్నుతుంది. ఒకదాని మీద ఒకటి వున్నప్పుడు కింది గొట్టం భుజానికి సూటిగా తన్నుతుంది. మూతి తక్కువ లేస్తుంది, రెండవ గుండుకు తొందరగా సర్దుకోవచ్చు. చూపుకు ఒకే సన్నని గొట్టం అడ్డు వుంటుంది. బరువు మూడున్నర కిలోలు దాటుతుంది. వేటలో మోయడానికి అది భారమే గాని, ఒకేచోట నిలబడి రోజుకు వంద గుళ్ళు పేల్చేవాడి భుజానికి ఆ బరువే మేలు. ఎందుకంటే బరువు తుపాకి తక్కువ తన్నుతుంది. పతకం కావాలంటే ఇదే తుపాకి అని లోకం తేల్చేసింది. నేటి ఒలింపిక్ ట్రాప్, స్కీట్ పోటీల్లో పక్కపక్క గొట్టాల తుపాకి కనబడదన్నా తప్పు లేదు.

అయినా ఆ మోజు యెందుకు?

మరి ఇంగ్లండు, అమెరికాల్లో ఇప్పటికీ కొందరు మట్టి పిట్టల ఆటగాళ్ళు పాత జోడు గొట్టాల తుపాకినే పట్టుకు తిరుగుతారు. ఆ తుపాకులకు మాత్రమే ప్రవేశమున్న పోటీలు ప్రత్యేకంగా పెట్టుకుంటున్నారు. లెక్క తక్కువ వస్తుందని తెలిసీ ఆడతారు. దీనికి మాకు తోచిన కారణాలు నాలుగు.

మొదటిది తేలిక. మంచి ఇంగ్లీషు 12 బోరు జోడు తుపాకి మూడు కిలోల లోపే వుంటుంది. బరువంతా రెండు చేతుల మధ్య వుంటుంది. పిట్ట కనబడగానే తుపాకి దానంతటదే భుజానికి వచ్చినట్టుంటుందని ఆడేవాళ్ళు చెబుతారు. యేదో ఒక మూలనుంచి ఆకస్మికంగా లేచే బిళ్ళకు ఇది బాగా పనికొస్తుంది.

రెండవది రెండు మీటల సౌకర్యం. పాత జోడు తుపాకికి రెండు గొట్టాలకు రెండు మీటలుంటాయి. ఒక గొట్టానికి చోక్ వదులు, ఇంకొక దానికి బిగువు. దగ్గరి పిట్టకు ముందు మీట, దూరపు పిట్టకు వెనక మీట. యే మర కదిలించకుండా వేలు జరిపితే చాలు, ఆ క్షణంలోనే నిర్ణయం అయిపోతుంది.

మూడవది చేతిపని. ఉత్తమమైన జోడు తుపాకిని చేయడానికి వందల గంటల చేతిపని పడుతుంది. గొట్టాలు చేసేవాడొకడు, యంత్రం అమర్చేవాడొకడు, అక్రోటు కర్రతో మడమ చెక్కేవాడొకడు, పూలు చెక్కేవాడొకడు. దీపపు మసి పూసి, రెండు లోహపు ముక్కలు యెక్కడ తగులుతున్నాయో చూసుకుంటూ ఆకురాయితో రాస్తారు. కొనేవాడి చేయి పొడవు, మెడ పొడవు, భుజం వంపు కొలిచి దర్జీ షేర్వాణీ కుట్టినట్లు మడమ చెక్కుతారు. అట్లాంటి వస్తువు తాత చేతి నుంచి మనుమడి చేతికి వచ్చినప్పుడు, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం కంటే నెలకొకసారి మట్టి పిట్టల మీద వాడడమే దానికి మర్యాద అని వాళ్ళ అభిప్రాయం.

నాలుగవది, మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఆటలో వినయం. సులభమైన పనిముట్టు పక్కన వుండగా కష్టమైనది తీసుకుని ఆడేవాడు ఇంకొకడిని ఓడించడం కోసం ఆడడు. 25 బిళ్ళల్లో 25 కొట్టాలనే యావ వాడికి తక్కువ. 18 కొట్టినా ఆ 18ని తృప్తిగా గుర్తుపెట్టుకుంటాడు. గెలుపే సర్వస్వమని పిల్లలకు నూరిపోస్తున్న ఈ రోజుల్లో ఇది నేర్చుకోదగ్గ గుణం.

అయితే ఈ మోజుకు ఒక హద్దు కూడా చెప్పాలి. పాత డమాస్కస్ గొట్టాలు నల్లమందు కోసం చేసినవి. ఈనాటి తూటా ఒత్తిడికి అవి తట్టుకుంటాయన్న నమ్మకం లేదు. లోపల తుప్పు తిని గొట్టం పలచబడి వుంటే పేలి చేతులు పోతాయి. ఇంగ్లండులో లండను, బర్మింగ్‌హామ్ పరీక్షాలయాల్లో పరీక్షించి ముద్ర వేసిన తుపాకినే అమ్మాలనే చట్టం వుంది. ఆ ముద్ర వున్నా నిపుణుడు కొలిచి చూడనిదే పేల్చరాదు. పైగా సీసపు ఛర్రాలు చెరువు నీటిని, పక్షులను విషపూరితం చేస్తున్నాయని యూరపు సమాజ దేశాలు 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో వాటిని నిషేధించాయి. బదులుగా వచ్చిన ఇనుప ఛర్రాలు గట్టివి కావడంతో, పలచని పాత గొట్టాలకు హాని చేస్తాయి. ఆ తుపాకుల భవిష్యత్తుకు ఇదే పెద్ద చిక్కు.

మన దేశం, మన వాళ్ళు

మన దేశంలో తుపాకి చేసే విద్య లేదనుకోరాదు. బెంగాలు నవాబు మీర్ ఖాసిం 1762లో రాజధానిని బీహారులోని ముంగేరుకు మార్చి ఆయుధాల కార్ఖానా పెట్టాడు. ముంగేరు పనివాళ్ళ వంశాలు తరువాత కాలంలో లైసెన్సు మీద ఒంటి గొట్టం, జోడు గొట్టాల తుపాకులు చేస్తూ వచ్చాయి. హైదరాబాదులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ గొప్ప గురికాడని పేరు. ముప్పైకి పైగా పులులను కొట్టాడు గనుక 'తీస్ మార్ ఖాన్' అన్నారని ప్రతీతి. ఆ రోజులు వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. షికారు ఆగిపోయింది. ఆగిపోవడమే మంచిదయింది.

షికారు పోయిన చోట మట్టి పిట్ట నిలిచింది. బికనీరు మహారాజా కర్ణీసింగ్ 1962లో కైరోలో జరిగిన ప్రపంచ పోటీల్లో ట్రాప్‌లో రజత పతకం తెచ్చారు. అయిదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 2004లో ఏథెన్సులో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో రజతం గెలిచారు. ఇక్కడ మన వాళ్ళ పేర్లు కూడా చెప్పుకోవాలి. మొహమ్మద్ అసబ్ 2014 గ్లాస్గో కామన్‌వెల్తు ఆటల్లో డబుల్ ట్రాప్‌లో కాంస్యం తెచ్చారు. ఉత్తరప్రదేశ్ ఖుర్జాకు చెందిన మైరాజ్ అహ్మద్ ఖాన్ 2016లో ఒలింపిక్ స్కీట్‌కు అర్హత పొందిన తొలి భారతీయుడు. 2022లో కొరియాలోని చాంగ్‌వాన్ ప్రపంచకప్పులో ఫైనల్లో 40కి 37 కొట్టి బంగారు పతకం గెలిచారు. అప్పటికి ఆయన వయసు 46. వయసయిపోయిందని చేతులు ముడుచుకునే మనవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. మన హైదరాబాదు ఆటగాడు కైనాన్ చెనాయ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా ఆటల్లో ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టు బంగారం సాధించారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్త్రీ పురుషులు జంటగా ఆడే స్కీట్‌లో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ ఒకే ఒక్క బిళ్ళ తేడాతో కాంస్యం పోగొట్టుకున్నారు. ఆడపిల్లలకు కూడా ఈ ఆటలో సమానమైన చోటుందని దీనివల్ల తెలుస్తోంది.

హుగ్లూ అనే వూరు

చివరగా తుర్కీ సంగతి. కొన్యా రాష్ట్రంలో హుగ్లూ అనే చిన్న పట్టణం వుంది. అక్కడివాళ్ళు ఇండ్లలో చిన్న చిన్న కొలుముల మీద తుపాకులు చేసుకునే పనివాళ్ళు. విడివిడిగా వుంటే దళారులే బాగుపడతారని గ్రహించి 1962లో అందరూ కలిసి ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. ఇవాళ ఆ సంఘం చేసిన జోడు గొట్టాల తుపాకులు అమెరికాకు కూడా వెళ్ళి, మట్టి పిట్టల మైదానాల్లో వినబడుతున్నాయి. లండను తుపాకి కొనలేని మామూలు ఆటగాడి మోజు తీర్చుతున్నది ఈ ముస్లిం పనివాళ్ళ చేతులే.

కోనసముద్రం పనివాడి చేతిలో విద్య వుంది గాని వెనక సంఘం లేదు. కొలిమి ఆరిపోయింది. హుగ్లూ పనివాడి చేతిలో విద్యా వుంది, వెనక సంఘమూ వుంది. కొలిమి మండుతూనే వుంది. సంక్షేమ సంఘం సంచికలో ఈ వ్యాసం యెందుకని అడిగేవారికి మా జవాబు ఇదే. దర్జీ పనివాళ్ళు, బిద్రీ పనివాళ్ళు, మెకానిక్కులు, వడ్రంగులు మన సంఘంలో వున్నారు. వారిలో యెవరి కొలిమీ ఒంటరిగా ఆరిపోకుండా చూడడం మన బాధ్యత.

సభ్యులకు ఒక ఆచరణ మాట చెప్పి ముగిస్తాము. పాత ఇండ్లలో తాతల నాటి దోనాలి యింకా వుండవచ్చు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సుదారు చనిపోతే వారసుడు దాన్ని ఇంట్లో వుంచుకోరాదు. ఆలస్యం లేకుండా పోలీసు స్టేషనులోగాని, లైసెన్సున్న డీలరు దగ్గరగాని అప్పగించి, తరువాత తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి అనుమతి లేదు. జ్ఞాపకం మీద మమకారంతో చట్టాన్ని మరిచి కుటుంబాన్ని చిక్కుల్లో పెట్టవద్దు. పెళ్ళి బరాతుల్లో గాలిలోకి పేల్చే దురలవాటు మాత్రం మనలో యెక్కడున్నా పూర్తిగా పోవాలి. పైకి పోయిన గుండు యెవరో ఒకరి నెత్తిన దిగక తప్పదు.

గురి నేర్చుకోవాలనుకునే పిల్లలుంటే రేంజికి పంపండి, గురువు దగ్గర నేర్పించండి. పగలవలసింది మట్టి బిళ్ళ, ప్రాణం కాదు. మన చేతులకు నేర్పునూ, మన హృదయాలకు దయనూ, మన సంఘానికి ఐకమత్యాన్నీ అల్లాహ్ ప్రసాదించు గాక. ఆమీన్.